మేత ఎక్కడో మాంటా అక్కడ

మన పొలాలకు వాన తెచ్చే నైరుతి గాలి కేరళను తాకకముందే మాల్దీవుల మీదుగా వీస్తుంది. మే నెల సగం గడిచేసరికి అక్కడ గాలి మళ్లుతుంది. దాంతోపాటు సముద్రపు పైపొర కూడా పడమటి నుంచి తూర్పుకు పారడం మొదలుపెడుతుంది. ఆ నీటికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా 800 కిలోమీటర్లకు పైగా పొడవున, సముద్రగర్భం నుంచి లేచిన ఒక గట్టు ఉంది. ఆ గట్టు నెత్తిన పెరిగిన పగడపు వలయాలే, అంటే అటాల్‌లే, మాల్దీవులు. వలయానికీ వలయానికీ మధ్య సందుల్లోంచి నీరు తోసుకుంటూ పోతుంది. ఆ తోపులాటలో అడుగునున్న చల్లటి నీరు పైకి లేస్తుంది. పైనుంచి రాలిపడిన జీవుల అవశేషాలు కుళ్లగా మిగిలిన నైట్రేట్లు, ఫాస్ఫేట్లు దండిగా ఉన్న నీరది. ఎండ తగిలే పొరలోకి ఆ ఎరువు చేరిందో లేదో, కంటికి ఆననంత చిన్న వృక్ష ప్లవకాలు విరగబెరుగుతాయి. వాటిని తినే జంతు ప్లవకాలు వాటి వెనకే పెరుగుతాయి. ఇదంతా గాలి కొట్టే పడమటి వైపు కాదు, ప్రవాహం దాటిపోయే తూర్పు వైపున జరుగుతుంది. ఉపగ్రహాల నుంచి చూస్తే ఆ వైపు నీటిలో పత్రహరితం పెరిగినట్టు స్పష్టంగా తెలుస్తుంది. జూన్ నుంచి నవంబరు దాకా, ఆ ప్లవకాలను తినే మాంటా రేలనే భారీ చేపలు ఆ తూర్పు అంచుల్లోనే తిరుగుతాయి.

డిసెంబరు వచ్చేసరికి గాలి ఈశాన్యానికి మారుతుంది. ప్రవాహం తిరగబడుతుంది. పచ్చదనం పడమటి అంచుకు పోతుంది, మాంటాలూ అటే పోతాయి. పరిశోధకుడు చార్లెస్ ఆండర్సన్, ఆయన సహచరులు 2011లో ఈ లెక్కనంతా ఒకచోట పెట్టి చూపించారు. స్థానిక జాలర్లకూ, డైవింగ్ గైడ్లకూ అనుభవంలో ఉన్న సంగతే, కానీ కారణంతో సహా కాగితం మీదికి రావడం పెద్ద విషయం.

ఒక్కరే బయల్దేరి మాంటాను చూసి రావాలనుకునేవారికి ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదానికి ఇదే పునాది. సెప్టెంబరులో మాంటాలతో నిండే దిబ్బ ఫిబ్రవరిలో బోసిగా ఉంటుంది. గది అదే, పడవ అదే, గైడు కూడా అతనే. ఊరి పేరు చూసి టికెట్టు కొన్నవారు ఆ ఫిబ్రవరిలో నీలి నీళ్లు చూసి తిరిగొస్తారు. కాబట్టి ఊరికన్నా ముందు నెలను, నెలలో తిథిని, ఆ తిథినాటి పోటును చూసుకోవాలి.

ఇంత పెద్ద జీవి ఇంత చిన్న మేత వెంట ఎందుకు పడుతుందో కాస్త వివరంగా చెప్పాలి. మన తీరంలో జాలర్లు టేకు చేపలనే జాతికి చెందినదే మాంటా. ముళ్లతోక టేకులకూ దీనికీ చుట్టరికం ఉంది కానీ దీని తోకలో ముల్లు లేదు, కుట్టదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ రేవుల్లో అప్పుడప్పుడు వలకు చిక్కిన భారీ టేకు ఫొటో పత్రికల్లో వస్తుంటుంది. ముళ్లతోక టేకులకు నోరు కిందివైపు ఉంటుంది, అడుగు ఇసుకలో పీతలనీ నత్తలనీ నమిలి తింటాయి. మాంటాకు నోరు ముందువైపు, వెడల్పుగా తెరుచుకుంటుంది. నోటికి రెండువైపులా రెండు మడత రెక్కలుంటాయి. ఈదేటప్పుడు వాటిని చుట్టచుట్టి కొమ్ముల్లా ముందుకు పెట్టుకుంటుంది. తినేటప్పుడు విప్పి, నీటిని నోట్లోకి మళ్లించే గోడల్లా వాడుకుంటుంది.

లోపలికి వెళ్లిన నీరు మొప్పల్లోంచి బయటికి పోతుంది, ప్లవకాలు మాత్రం లోపలే ఉండిపోతాయి. చాలాకాలం దీన్ని జల్లెడ పద్ధతి అనుకున్నారు. జల్లెడ అయితే రంధ్రం కన్నా చిన్న రేణువు జారిపోవాలి, పెద్దది చిక్కుకుని రంధ్రాన్ని మూసెయ్యాలి. మాంటా మొప్పల్లో ఆ రెండూ జరగవు. 2018లో అమెరికా పరిశోధకులు మొప్ప పలకల నమూనాలు తయారుచేసి రంగునీళ్లు పారించి చూశారు. పలకలు వరసగా వాలుగా పేర్చి ఉంటాయి. నీరు వాటి మీదుగా పోతూ ప్రతి సందులోనూ చిన్న సుడి తిరుగుతుంది. నీరు సందులోకి మలుపు తీసుకోగలదు, బరువున్న రేణువు మాత్రం పలక అంచుకు తగిలి ఎగిరి మళ్లీ ప్రధాన ప్రవాహంలో పడుతుంది. అలా ఎగురుకుంటూ గొంతు దాకా చేరుతుంది. సందు కన్నా చిన్న ప్లవకం కూడా జారిపోదు, సందులు మూసుకుపోవు. మురుగునీటి శుద్ధికి ఈ పద్ధతి పనికొస్తుందని ఇంజనీర్లు ఆశపడుతున్నారు. నాకు మాత్రం దాని గొప్పతనం వేరే చోట కనిపిస్తుంది: ఆగి తుడుచుకోవలసిన అవసరం లేకుండా, గంటల తరబడి నోరు తెరుచుకుని ఈదగలగడం.

అయితే నోరు తెరిచి ఈదడం ఊరకే జరిగే పని కాదు. తెరిచిన నోరు నీటికి అడ్డు, ఒళ్లంతటి బలమూ పెట్టాలి. పెట్టిన శ్రమకు తగ్గ తిండి దొరకాలి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దక్షిణపు కొసన లేడీ ఎలియట్ ద్వీపం దగ్గర ఈ లెక్క కట్టారు. ఘనమీటరు నీటిలో జంతు ప్లవకాలు సుమారు 11.2 మిల్లీగ్రాములు దాటితేనే అక్కడి మాంటాలు తినడం మొదలుపెట్టాయి. అంతకన్నా పలచగా ఉంటే నోరు మూసుకుని, మడత రెక్కలు చుట్టుకుని, పక్కనుంచే వెళ్లిపోయాయి. మాంటాకు ఇది లాభనష్టాల బేరం. ఈ ఒక్క అంకె గుర్తుంటే, మాంటాల విహారయాత్ర ప్రకటనలు చదివే తీరే మారిపోతుంది. 'అద్దం లాంటి నీరు, ముప్పై మీటర్ల దాకా స్పష్టత' అని రాసినచోట మేత లేదని అర్థం. మేత ఉన్న నీరు పచ్చగా, మసకగా ఉంటుంది, ఒక్కోసారి ఎనిమిది పది మీటర్ల అవతల ఏమీ కనిపించదు. చాలామంది ఎండ కాసే నెలలు ఎంచుకుని, తీరా వెళ్లాక మాంటాలు ఎందుకు రాలేదని గైడును నిలదీస్తారు. తప్పు గైడుది కాదు.

ఏ మాంటాను చూడాలో కూడా ముందే తేల్చుకోవాలి. 2009 దాకా ప్రపంచమంతా ఒకటే జాతి అనుకున్నారు. పరిశోధకురాలు ఆండ్రియా మార్షల్ మొజాంబిక్ తీరంలో ఏళ్ల తరబడి చూసి, అవి రెండు జాతులని తేల్చారు. దిబ్బల మాంటా తీరాలనూ పగడపు దిబ్బలనూ అంటిపెట్టుకుని ఉంటుంది, రెక్క చివర నుంచి చివరికి మామూలుగా మూడు నాలుగు మీటర్లు. మహాసముద్రపు మాంటా నడిసంద్రంలో దూరాలు తిరుగుతుంది, ఏడు మీటర్ల దాకా పెరుగుతుంది. అట్లాంటిక్‌లో ఇంకొకటి ఉందని మార్షల్ అప్పుడే అనుమానించారు. దానికి 2025లో మూడో జాతిగా పేరు పెట్టారు. దిబ్బల మాంటా వచ్చేది తెలిసిన దారుల్లో, తెలిసిన చోట్లకు, కాబట్టి సెలవు పెట్టుకుని వెళ్లేవారికి అదే నమ్మకం. మహాసముద్రపు మాంటాకు మెక్సికో పడమటి తీరం నుంచి ఒక రోజుకు పైగా పడవలో వెళ్లాల్సిన రెవిల్యాహిహేడో దీవులు పెద్ద పేరు. నవంబరు నుంచి మే దాకా సీజను. అక్కడ క్లారియన్ దేవచేపలు మాంటాల ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకుతింటాయి. అవి శుభ్రం చేస్తుంటే మాంటాలు డైవర్ల మీదే వచ్చి నిలబడతాయి. గొప్ప చోటే, కానీ వారం రోజులకు పైగా పడవ మీదే ఉండాలి, గదులన్నీ ఇద్దరిద్దరికి లెక్కగట్టి ఉంటాయి, ఒక్కరే కావాలంటే చాలా పడవలు అదనంగా గట్టిగా వసూలు చేస్తాయి. తొలిసారి ఒంటరిగా వెళ్లేవారికి నేనైతే దాన్ని సిఫారసు చెయ్యను.

హవాయిలో కోనా తీరానిది వేరే కథ. అక్కడ రాత్రిపూట నీళ్లలో దీపాలు పెడతారు. వెలుగుకు ప్లవకాలు మూగుతాయి, ప్లవకాల కోసం మాంటాలు వచ్చి డైవర్ల తలల మీదుగా పిల్లిమొగ్గలు వేస్తూ తింటాయి. సీజను పట్టింపు తక్కువ, ఒక సాయంత్రం పడవెక్కితే చాలు, ఒంటరి ప్రయాణికులకు అంత సులువైన చోటు ఇంకొకటి లేదు. మన దేశం నుంచి అంత దూరం దానికోసమే వెళ్లాలా అన్నది మాత్రం ఆలోచించాలి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఉన్న తెలుగువారికి, సెలవులకు ఎలాగూ హవాయి వెళ్లేవారికి, అది చక్కటి అవకాశం.

ఇండోనేషియాలో పసిఫిక్ నీరు దీవుల సందుల్లోంచి హిందూ మహాసముద్రంలోకి నిత్యం తోసుకొస్తుంటుంది. కొమోడో, నూసా పెనీడా, రాజా అంపాత్ మూడూ ఆ నీటి పుణ్యమే. డైవర్లు తీసిన ఫొటోల సాయంతో కొమోడోలోనే వెయ్యికి పైగా వేర్వేరు మాంటాలను గుర్తించారు. లబువాన్ బజో ఊళ్లో బస, పొద్దున పడవ, సాయంత్రానికి వెనక్కి. ఒక్కరే వచ్చిన డైవర్లు ఆ ఊళ్లో ఎప్పుడూ కనిపిస్తారు, జోడీ దొరకడం కష్టం కాదు. కరంగ్ మకాసర్ దగ్గర తక్కువ లోతులో, నీటి ఒరవడితోపాటు కొట్టుకుపోతూ మాంటాలను చూస్తారు. కానీ ఆ ఒరవడి ఆటపాట కాదు. కొన్ని పదుల డైవ్‌లు చేసి, ఒరవడిలో గాలి ఆదా చెయ్యడం, సంకేతపు బుడగ వదలడం వచ్చినవారికే కొమోడో. మరొక మాట కూడా చెప్పాలి. వానాకాలంలో ఆ తీరాల నీటిలోకి ప్లాస్టిక్ చెత్త విపరీతంగా చేరుతుంది. 2019లో అచ్చైన అధ్యయనం ప్రకారం అక్కడి మాంటా గంటకు 63 దాకా ప్లాస్టిక్ ముక్కలు మింగే అవకాశం ఉంది. చిన్న ప్లవకాన్ని కూడా వదలని ఆ మొప్పలకు ప్లాస్టిక్ ముక్కను వేరుగా గుర్తుపట్టే ఉపాయం లేదు.

పేరు విని వెళ్లకూడదనడానికి అన్నిటికన్నా చేదు ఉదాహరణ మొజాంబిక్‌లోని తోఫో. మాంటాలు రెండు జాతులని మార్షల్ తెలుసుకున్నది ఆ నీళ్లలోనే. 2003 నుంచి 2011 మధ్య అక్కడ దిబ్బల మాంటాలు కనపడడం 88 శాతం తగ్గిపోయింది. పర్యాటక పుస్తకాల్లో మాత్రం పేరు చాలాకాలం వెలుగుతూనే ఉంది. తల్లి మాంటా ఏడాదికి పైగా గర్భం మోసి ఒక్క పిల్లనే కంటుంది. ఆ తర్వాత మళ్లీ కనడానికి రెండు నుంచి అయిదేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. అలాంటి జీవి వలల్లో పడి తగ్గిపోతే మళ్లీ కోలుకోవడం ఒక మనిషి జీవితకాలంలో జరిగే పనిలా కనిపించదు. చైనాలో మందు పేరుతో అమ్ముడయ్యే ఎండు మొప్పల కోసం వీటిని వేటాడారు. 2013లో వచ్చిన ఒక లెక్కలో, ప్రపంచవ్యాప్తంగా మాంటాలను చూడటానికి వచ్చేవారు ఏటా పెట్టే ఖర్చు 14 కోట్ల డాలర్లని తేలింది. ఇండోనేషియా 2014లో తన జలాలన్నిటా మాంటాల వేటను నిషేధించడంలో ఆ లెక్కలకు పాత్ర ఉంది. ఎక్కడికి వెళ్తామన్నది ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూడండి. మాంటాను చంపడం నేరమైన నీళ్లలో మన డబ్బు ఖర్చు కావడం మంచిదని నా గట్టి నమ్మకం.

మన దగ్గర లేవా అని అడుగుతారు. ఉన్నాయి. అండమాన్లలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. లక్షదీవులైతే మాల్దీవులున్న గట్టు మీదివే, దాని ఉత్తరపు కొన. కడమత్, బంగారం, అగత్తి దిబ్బల్లో డైవర్లు మాంటాలను చూశారు. కానీ మేత పోగయ్యే నైరుతి నెలల్లో అక్కడి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఓడలు తగ్గుతాయి, డైవింగ్ చాలావరకు ఆగిపోతుంది. డైవింగ్ జరిగేది అక్టోబరు నుంచి మే దాకా. పైగా ప్రవేశానికి అనుమతి పత్రం కావాలి. లక్షదీవులకు పగడాల కోసం వెళ్లండి, మాంటా ఎదురైతే అదృష్టం. స్కూబా నేర్చుకోవడానికి మాత్రం బయటి దేశం అక్కర్లేదు. విశాఖలో, పుదుచ్చేరిలో, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లో శిక్షణ దొరుకుతుంది. 18 మీటర్ల లోతుకు అర్హత ఇచ్చే మొదటి సర్టిఫికెట్టు చాలు, నేను సిఫారసు చేసే చోటికి.

ఆ చోటు మాల్దీవుల్లో బా అటాల్. నెల ఆగస్టు నుంచి అక్టోబరు.

కారణాలు చెప్తాను. ఒంటరి ప్రయాణం వేరు, ఒంటరి డైవింగ్ వేరు. మొదటిది హాయి, రెండోది నేను ఎవరికీ చెప్పను. నీటి అడుగున గాలి అయిపోయినా, రెగ్యులేటర్ మొరాయించినా, కాలు పట్టేసినా పక్కన ఒక మనిషి ఉండాలి. కాబట్టి ఒక్కరే వెళ్లేవారు జోడీని ఇవ్వగలిగే చోటికి వెళ్లాలి. అంటే నడిచి వెళ్లేంత దూరంలో డైవింగ్ కేంద్రం, ఒక గైడుకు నలుగురికి మించని బృందం, మొదటి రోజు తక్కువ లోతులో చూసి వచ్చే పరీక్ష డైవ్. అన్నిటికన్నా ముఖ్యం, ఒక రోజు మాంటా రాకపోతే మర్నాడు మళ్లీ వెళ్లగలగడం. పడవ మీద తిరిగే యాత్రలో ఒక్కో చోటికి ఒక్కటే అవకాశం. ఒడ్డున బస చేస్తే, గాలి, పోటు, మేత మూడూ కుదిరే రోజు కోసం కాచుకోవచ్చు.

బా అటాల్‌లో ధరవందూ అనే జనవాస దీవి ఉంది. చిన్న విమానాశ్రయం ఉంది, మాలె నుంచి అరగంట లోపు. స్పీడుబోటు కూడా వెళ్తుంది కానీ నైరుతి నెలల్లో ఆ అలల మీద రెండు గంటలకు పైగా ప్రయాణం వెన్నుకు పరీక్ష. మాల్దీవుల్లో రిసార్టులే కాక జనం ఉండే దీవుల్లోనూ అతిథి గృహాలు వచ్చి పదిహేనేళ్లు దాటింది, మధ్యతరగతి ఒంటరి ప్రయాణికులకు తలుపు తెరిచింది అవే. అక్కడ ఊరి పద్ధతి పాటించాలి: మద్యం ఉండదు, వీధిలో ఒళ్లు కప్పుకునే తిరగాలి, ఈతదుస్తులకు వేరే తీరం కేటాయిస్తారు. ఒంటరిగా వెళ్లే మహిళలకు ఆ ఊరి పద్ధతే ఒక రక్షణ అని నేననుకుంటాను. పొద్దున్నే టూనా చేప, కొబ్బరి తురుము, ఉల్లి, పచ్చిమిర్చి కలిపిన మాస్ హునీ, పలచటి రోషి రొట్టె పెడతారు. మన నాలుకకు దగ్గరి రుచి. శాకాహారులు ముందు రోజే చెప్పి ఉంచాలి. భారతీయులకు వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు. డైవర్ల ఒంట్లో నైట్రోజన్ బుడగలు కడితే చికిత్స చేసే పీడన గది మాలె దగ్గర బండోస్ దీవిలో ఉంది. డైవింగ్ ప్రమాదాలకు వర్తించే బీమా తీసుకోకుండా బయల్దేరవద్దు. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి డైవింగ్ వర్తించదు.

ధరవందూకు పడవలో కాసేపట్లో చేరేంత దూరంలో హనీఫారు ఉంది. బా అటాల్ తూర్పు అంచున, పగడపు దిబ్బ మూడువైపులా మూసిన చిన్న ఖాతం. నైరుతి గాలి నెలల్లో తూర్పు అంచు బయట ప్లవకాలు పోగవుతాయని ముందే చెప్పుకున్నాం. పోటు వచ్చినప్పుడు బయటి సముద్రపు నీరు అటాల్ లోపలికి, అంటే రుతుపవన ప్రవాహానికి ఎదురు, దూరుతుంది. దాంతోపాటు ప్లవకాలు ఖాతంలోకి వస్తాయి. నీరు దిబ్బ మీదుగా పొర్లి అవతలికి వెళ్లిపోతుంది. ప్లవకాలు లోపలి సుడిలో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. పోటు ఎంత పెద్దదైతే అంత మేత. పౌర్ణమికీ అమావాస్యకూ పోట్లు పెద్దవి. కాబట్టి సెలవు పెట్టేముందు ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండరు తీసి చూడండి. ఆ రెండు తిథుల్లో ఏదో ఒకదాని చుట్టూ వారం రోజులు ఉండేలా చూసుకుంటే సగం పని అయినట్టే. ఒంటరి ప్రయాణికులకున్న పెద్ద వెసులుబాటు ఇదే: ఇంకొకరి సెలవుతో, పిల్లల పరీక్షలతో పొంతన కుదుర్చుకోనక్కర్లేదు, తిథిని బట్టి బయల్దేరవచ్చు.

మేత పలచగా ఉన్నరోజు నాలుగైదు మాంటాలు ఎవరి దారిన అవి తిన్నగా ఈదుతూ తింటాయి. చిక్కబడేకొద్దీ వరస కడతాయి, ఒకదాని తోక వెనక ఒకటి, ఒక్కోసారి ఒకదాని వీపు మీద ఇంకొకటి. ముందుదాని నోటికి చిక్కని ప్లవకాలు వెనకదానికి దొరుకుతాయి. పదులకొద్దీ చేరాక వరస మొదట ఉన్నది తిరిగి వరస చివర ఉన్నదాని వెనకకు వస్తుంది, అంతా ఒక గుండ్రటి సుడిగా మారుతుంది. దీన్ని పరిశోధకులు తుపాను మేత అంటారు. మాంటాలే నీటిని తిప్పి, ప్లవకాలను మధ్యలోకి పోగేసుకుంటున్నాయన్నమాట. మాల్దీవుల మాంటాలను 2005 నుంచి వెంబడిస్తున్న గై స్టీవెన్స్, తర్వాత ఆయన స్థాపించిన మాంటా ట్రస్టు, ఇలాంటి ఎనిమిది రకాల మేత పద్ధతులను నమోదు చేశారు. కలిసి తినడం ఇంత ఏర్పాటుగా చేసే చేప ఇంకొకటి నాకు తెలియదు. చేపలన్నిటిలోకీ పెద్ద మెదడు దీనిదన్నది గుర్తు చేసుకుంటే ఆశ్చర్యం తగ్గదు, పెరుగుతుంది.

మాంటాలు ఇంతగా గుమిగూడే ఈ ఖాతంలో స్కూబా నిషేధం. ఒకప్పుడు డైవర్లు గుంపులుగా దిగేవారు, వాళ్లు వదిలే బుడగలు కింది నుంచి లేచి మేత వరసలను చెదరగొట్టేవి. 2009లో ఖాతాన్ని రక్షిత ప్రాంతం చేశారు, 2011లో బా అటాల్ యునెస్కో జీవావరణ ప్రాంతమైంది, 2012 నుంచి మాస్కు, గొట్టం, ఫిన్లతో పైనుంచి చూడటమే. రుసుము కట్టాలి, ఒక విడతకు ముప్పావుగంట, ఒకేసారి దిగేవారి సంఖ్యకూ పడవల సంఖ్యకూ పరిమితి, కాపలాకు రేంజర్లు. ఇంత దూరం డైవింగ్ చేద్దామని వచ్చి సిలిండరు పక్కన పెట్టాలా అని కొందరు నొచ్చుకుంటారు. నా మాట నమ్మండి, తుపాను మేత పైనుంచే కనిపిస్తుంది. అక్కడ సిలిండరు బరువే తప్ప లాభం లేదు. నీటి మీద బోర్లా తేలుతూ, కాళ్లు తాటించకుండా, మూడు మీటర్లకు దగ్గరగా వెళ్లకుండా, ఎదురుగా కాక పక్కనుంచి ఉంటే అవే మీ కిందుగా వచ్చి తిరుగుతాయి. తాకకూడదు. ఒంటి మీదున్న జిగురు పొర వాటికి రోగాల నుంచి రక్షణ, వేలు తగిలితే అది చెదురుతుంది.

సిలిండరుతో దిగాల్సింది శుభ్రత కేంద్రాల దగ్గర. తిన్నాక మాంటాలు దిబ్బ మీద ఎంచుకున్న కొన్ని పగడపు బండల దగ్గరికి వస్తాయి. అదే బండ దగ్గరికి, ఏటా అదే కాలంలో. డైవర్లు ఒరవడికి కిందివైపు, ఇసుక మీదో చచ్చిన రాయి పక్కనో, బండకు ఎడంగా తగ్గి కూర్చుంటారు. కాసేపటికి మసక నీటిలోంచి ముందు తెల్లటి పొట్ట, తర్వాత రెక్కలు తేలతాయి. మాంటా ఒరవడికి ఎదురు తిరిగి నిలుస్తుంది. మొప్పల్లో నీరు పారాలంటే అది ఈదుతూ ఉండాలి. ఎదురు ఒరవడి ఉన్నచోటైతే కదలకుండానే ఆ పని జరుగుతుంది, అందుకే శుభ్రతకు అలాంటి చోట్లే నచ్చుతాయి. అది రెక్కలు నెమ్మదింపజేసి, నోటిపక్క మడతలు విప్పగానే వేలెడంత పొడవున్న నీలిచారల క్లీనర్ రాస్ చేపలు బండ మీద నుంచి లేస్తాయి. ఒకటి కంటి చుట్టూ తిరుగుతుంది. రెండు మూడు మొప్ప చీలికల్లోకి తల దూర్చి బయటికొస్తాయి. సొరచేప కొరికిన గాయం ఉంటే దాని అంచున చచ్చిన చర్మాన్ని ఏరుతాయి. మాంటా ఒళ్లు ఒకసారి జలదరించి, బండను చుట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. ఈ వరసలో వెనక ఇంకో రెండు కాచుకుని ఉంటాయి. ఒక్క డైవరు ఆత్రపడి పైకి లేచి ఈదినా మొత్తం వరస వెళ్లిపోతుంది, రాస్ చేపలకు తిండి పోతుంది, మిగతా డైవర్లకు ఆ డైవ్ పోతుంది. అందుకే కేంద్రంలో డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: శుభ్రత బండ దగ్గర మీ గైడు డైవర్లను ఎక్కడ కూర్చోబెడతాడు? 'దగ్గరికి తీసుకెళ్తాం' అని జవాబొస్తే వేరే కేంద్రం చూసుకోండి.

పొట్ట కనిపించే ఫొటో తీయండి. ప్రతి మాంటా పొట్ట మీదా మచ్చల అమరిక వేరు, పుట్టినప్పటి నుంచి మారదు. మాల్దీవుల్లో నాలుగు వేలకు పైగా దిబ్బల మాంటాలను ఈ మచ్చలతోనే ఒక్కొక్కటిగా గుర్తుపట్టి పేర్లు పెట్టారు, ఎన్నో ఫొటోలు మామూలు డైవర్లు ఇచ్చినవే. ఫ్లాష్ వద్దు. తేదీ, చోటు, లోతు రాసి పంపితే, మీరు చూసినది ఎప్పుడు ఎక్కడ కనిపించిందో జవాబు రావచ్చు. గాలి బలంగా వీచిన ఏడాది మాంటాలు ఎక్కువ కనపడతాయన్నది అలా కూడబెట్టిన ఫొటోల లెక్కల్లోంచే తేలింది. ఆ మాట ఒక హెచ్చరిక కూడా. రుతుపవనం బలహీనమైన ఏడాది హనీఫారు కూడా బోసిపోవచ్చు. వెళ్లేముందు ఆ సీజనులో కనిపించిన మాంటాల సంగతి ధరవందూ కేంద్రాలకు ఉత్తరం రాసి కనుక్కుంటే దాచకుండా చెప్తారు.

ఇక రోజుల అమరిక. తిథికి మూడు నాలుగు రోజుల ముందు చేరండి. మొదటి రోజు పరీక్ష డైవ్, తర్వాతి రోజుల్లో పొద్దున శుభ్రత బండల దగ్గర డైవ్‌లు. హనీఫారులో మాంటాలు చేరాయన్న కబురు రోజూ పడవల మధ్య రేడియోలో వస్తుంది, కబురొస్తే మధ్యాహ్నం అటు వెళ్లడం. వరసగా కొన్నిరోజులు డైవ్ చేసినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ విమానంలోని తక్కువ పీడనంలో బుడగలు కడుతుంది. చాలామంది ఆ ఆఖరి రోజును గదిలో గడిపేస్తారు. నీటిపైన గొట్టంతో ఈదడానికి ఈ నిబంధన వర్తించదు, కాబట్టి ఆఖరి రోజును హనీఫారుకు ఉంచుకోండి. ఆ రోజు పోటు పగటి వేళ పడుతుందో లేదో పోట్ల పట్టికలో చూసుకుని, దాన్ని బట్టి తిరుగు టికెట్టు తీసుకోండి.